ఒడిశా నంబరు పడకముందే తేల్చుకోండి

మా బావమరిది విశాఖలో సెకండ్‌హ్యాండ్ డీజిల్ కారు కొని ఒడిశాలోని జయపురం తెస్తుంటే, సాలూరు దాటి ఘాట్ మొదలైన కాసేపటికే టెంపరేచర్ ముల్లు పైకి లేచింది. ఏసీ ఆపాడు, అద్దాలు దించాడు, ఇంకో నాలుగు మలుపులు లాగాడు. ఆ తర్వాత బోనెట్ సందుల్లోంచి ఆవిరి. బండి పక్కకి తీసి, చేతికి జేబురుమాలు చుట్టుకుని రేడియేటర్ మూత తిప్పబోతుంటే కిందికి దిగుతున్న లారీ ఒకటి ఆగింది. సాలూరు అసలే లారీల ఊరు. "మూత తియ్యకు బాబూ, మొహం కాలిపోద్ది" అని ఆ డ్రైవర్ కేకేసి దిగొచ్చాడట. ఇంజిన్ చల్లారాక తనే మూత తీసి, లోపల వేలు పెట్టి చూపించాడు. వేలికి అంటింది నీళ్లు కాదు, పాలు ఎక్కువైన టీ రంగులో జిడ్డు.

"ఆయిలూ నీళ్లూ కలిసిపోనాయి. హెడ్ గ్యాస్కెట్ పోయింది, ఆ రెండూ కలవకుండా ఆపేది అదే. కొని ఎన్నాళ్లయింది?"

"ఇయ్యాల పొద్దున్నే."

లారీ డ్రైవర్ ఇంకేం మాట్లాడలేదట, టీ తాగుతావా అని అడిగాడట.

ఆ రాత్రి బండి ఇంకో బండి వెనక కట్టుకుని జయపురం చేరింది. 2017 మోడల్, ₹5,40,000, అందులో సగం చీటీ పాడిన డబ్బు. ఫోన్‌లో మావాడు ఒకటే మాట: "ఏటి చేద్దాం బావా?" ఈ ప్రశ్న కోరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల్లో మన తెలుగు ఇళ్లలో తరచూ వినపడేదే, ఎందుకంటే మనం కారు కొనడానికి భువనేశ్వర్ వైపు చూడం, విశాఖకో విజయనగరానికో దిగుతాం. భాష మనది, చుట్టాలు అక్కడే ఉంటారు, బండ్లు కూడా ఎక్కువ దొరుకుతాయి. కొన్న బండి చెడిందని తెలిసినప్పుడు మాత్రం మధ్యలో ఒక ఘాటూ ఒక రాష్ట్ర సరిహద్దూ వచ్చి కూర్చుంటాయి.

మర్నాటికి ఇంట్లో మూడు పార్టీలు తయారయ్యాయి. గ్యాస్కెట్ మార్పించి వాడుకోమని ఒకరు. పైపైన సరిచేయించి ఇంకెవరికైనా అంటగట్టేయమని ఇంకొకరు. డీలర్ మొహాన కొట్టి డబ్బు తెచ్చుకోమని మా అత్తగారు. నిజం చెప్పాలంటే మొదట నేను రిపేరు పార్టీయే. జయపురం మెకానిక్ హెడ్ (ఇంజిన్ పైభాగం) వంకర పోకపోతే ₹45,000లో అయిపోతుందన్నాడు. ఎనిమిదేళ్ల బండికి గ్యాస్కెట్ పోవడం వింతేమీ కాదు, విశాఖ బీచ్ రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లు చల్లగా తిప్పి చూస్తే అది బయటపడదు, డీలర్‌కి కూడా తెలియకపోయి ఉండొచ్చు. వెనక్కివ్వాలంటే రెండొందల పైచిలుకు కిలోమీటర్లు బండిని మోయించాలి, సెలవులు పెట్టాలి, వాడి ఆఫీసులో కూర్చుని గొడవ పడాలి. లెక్కేస్తే రిపేరే మేలనిపించింది.

నా ఓటు మార్చింది ఇంజిన్ కాదు. ఆర్‌సీ కాపీ పట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లి, ఛాసిస్ నంబరు మీద సర్వీస్ హిస్టరీ తీయించాం. 2023 జులైలో ఆ బండి సర్వీసుకి వచ్చినప్పుడు రాసిన రీడింగ్ 1,21,640 కిలోమీటర్లు. మావాడు కొన్న రోజు మీటర్ మీద ఉన్నది 78,412.

గ్యాస్కెట్ దానంతట అదే పోతుంది, మీటర్ దానంతట అది వెనక్కి తిరగదు. మొదటిది బండి వయసు, రెండోది మనిషి చేసిన పని. ఇవి రెండూ ఒకే సైజు తప్పులని జనం అనుకుంటారు, ఎందుకంటే మనం అన్నిటినీ "ఎంతవుద్ది?" అనే కొలతతోనే కొలుస్తాం. నన్నడిగితే రిపేరు ఖర్చు రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, అమ్మేటప్పుడు నాకు చెప్పిందాంట్లో అబద్ధం ఉందా? లేకపోతే రెండు లక్షల రిపేరైనా బేరమాడి సగం డీలర్‌ చేత పెట్టించి ఉంచుకోవచ్చు. ఉంటే పదివేల రిపేరుకి కూడా ఆ బండి ఉంచుకోకూడదు, ఎందుకంటే మీటర్ తిప్పినవాడు ఇంకేం దాచాడో మనకి లెక్క తేలదు. 78 వేలు అనుకుని క్లచ్ ఇంకో రెండేళ్లు వస్తుందనుకుంటాం, అది 1,20,000 దాటేసిన క్లచ్. బెల్టులు, సస్పెన్షన్, టర్బో అన్నీ అంతే. ధర కట్టింది కూడా ఆ అబద్ధపు అంకె మీదే.

చట్టం సంగతికొస్తే, ముందు ఒక భ్రమ పోవాలి. కొన్న ఇన్ని రోజుల్లోపు నచ్చకపోతే పాత కారు వెనక్కిచ్చేయొచ్చని మన దేశంలో చట్టమేమీ లేదు. కొన్ని పెద్ద కంపెనీలు వాళ్లంతట వాళ్లు కొద్ది రోజుల గడువు ఇస్తాయి, అది వాళ్ల షరతుల కాగితం, అంతే. మనకున్నవి పాత ఆయుధాలు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం, 1872 నాటి కాంట్రాక్టు చట్టం, వీటి మీద 2019 వినియోగదారుల రక్షణ చట్టం. డీలర్లు డెలివరీ అప్పుడు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు, "బండి ఉన్నది ఉన్నట్టుగా చూసుకుని తీసుకున్నాను" అని. మావాడూ పెట్టాడు. చూస్తే కనపడే లోపాల విషయంలో ఆ కాగితానికి విలువ ఉంది, కొనేవాడు పరీక్షించి తీసుకుంటే, ఆ పరీక్షలో బయటపడాల్సిన లోపానికి అమ్మినవాడిని పట్టుకోలేవని 1930 చట్టమే అంటుంది. కానీ మోసానికి ఆ సంతకం గొడుగు కాదు. కాంట్రాక్టు చట్టం ప్రకారం మోసంతో జరిగిన ఒప్పందాన్ని మోసపోయినవాడు కాదనొచ్చు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, అది తెలియకే చాలామంది ఓడిపోతారు. ఊరికే చెప్పకుండా ఉండటాన్ని చట్టం సాధారణంగా మోసం అనదు, చెప్పాల్సిన బాధ్యత ఉంటే తప్ప. అందుకే అడగాలి, నోటితో కాకుండా వాట్సాప్‌లో అడగాలి. మావాడు అదృష్టవశాత్తూ అనుమానమనిషి, టోకెన్ అడ్వాన్స్ వేసే ముందు రోజు "మీటర్ ఒరిజినలేనా అండీ" అని మెసేజ్ పెట్టాడు. "100 పర్సెంట్ జెన్యూన్ సార్, సింగిల్ ఓనర్, డాక్టర్ గారి బండి" అని జవాబు. (పాత కార్లన్నీ డాక్టర్లవో లేడీ టీచర్లవో ఎందుకవుతాయో నాకెప్పుడూ అర్థం కాదు.) ఆ ఒక్క లైను లేకపోతే మా కథ వేరేగా ఉండేది.

తర్వాతది టైము. వస్తు విక్రయ చట్టంలో సెక్షన్ 42 చెప్పేది ఏమిటంటే, నాకొద్దు అని తెలియజేయకుండా తగినంత కాలం సరుకు మీ దగ్గరే పెట్టుకుంటే మీరు ఒప్పుకున్నట్టే. ఆ తర్వాత నష్టపరిహారం అడగగలరు కానీ బండి మొహాన కొట్టే హక్కు బలహీనపడుతుంది. తగినంత కాలం అంటే పది రోజులా, నెలా అని అంకె ఎక్కడా లేదు. కాబట్టి లోపం తెలిసిన రోజునే రాయాలి, రాశాక బండి తిప్పకూడదు, సొంతంగా రిపేరు మొదలుపెట్టకూడదు. విప్పిన ఇంజిన్ చూపిస్తే "మీ మెకానిక్కే పాడుచేశాడు" అంటాడు, దానికి మన దగ్గర జవాబుండదు. మావాడు గుణుపూర్‌లో పెళ్లి ఉందని, తాత్కాలికంగా గ్యాస్కెట్ వేయించి వెళ్లొస్తానని ఒకటే గొడవ. బస్సులో పంపాను.

ఇక మన సరిహద్దు జిల్లాలకి సొంతమైన విషయం. ఏపీ బండి ఒడిశాలో మన పేరు మీదకి రావాలంటే పాత ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) రావాలి, దాంతో ఇక్కడ ఓనర్ పేరు మార్పుకి ఫారం 29, 30 పెట్టాలి, ట్యాక్స్ కట్టాలి, అప్పుడు కోరాపుట్ వాళ్ల ఓడీ 10 నంబరు పడుతుంది. డీలర్లు ఈ పని మీద భలే తొందర పెడతారు, ఎన్‌వోసీ రెడీ సార్, నేను చూసుకుంటా సార్ అని. మనం కూడా నంబరు మారితేనే బండి మనదైనట్టు సంబరపడతాం. కానీ వెనక్కివ్వడం అనే తలుపు నిజంగా మూసుకునేది అక్కడే. ఎన్‌వోసీ రాకముందు బండి పాత ఓనర్ పేరు మీదే, పాత ఆర్టీవోలోనే ఉంటుంది, తిరిగివ్వడం అంటే తాళాలూ డబ్బూ చేతులు మారడం. ఓడీ నంబరు పడ్డాక అది ఒడిశా బండి. విశాఖ డీలర్ దాన్ని మళ్లీ అక్కడ అమ్మాలంటే కోరాపుట్ నుంచి ఇంకో ఎన్‌వోసీ, అక్కడ మళ్లీ ట్యాక్స్. మీరిక్కడ కట్టిన ట్యాక్స్ డబ్బులకి వేరే దరఖాస్తు. ఏ డీలరూ ఇష్టపడి ఒప్పుకోడు, ఒప్పుకున్నా ఆ ఖర్చంతా మీ డబ్బులోంచే కోస్తాడు.

అందుకే నేను చెప్పేది ఒకటే, బండి తెచ్చిన మొదటి రెండు వారాల్లో ఘాట్ ఎక్కించండి, సర్వీస్ హిస్టరీ తీయించండి, లిఫ్ట్ మీద పెట్టించి కింద చూడండి (విశాఖ బండ్లకి ఉప్పుగాలి తుప్పు మామూలే), ఆ తర్వాతే నంబరు సంగతి. వేరే రాష్ట్రంలో పెట్టుకున్న బండికి కొత్త నంబరు తీసుకోవడానికి మోటారు వాహనాల చట్టం 12 నెలలు ఇస్తుంది. ఓనర్ పేరు మార్పు మాత్రం అంతకాలం ఆగదు, బండి తీసుకున్న 30 రోజుల్లో తెలియజేయాలి, ఇన్సూరెన్స్ పేరు మార్పుకి 14 రోజులే. కాబట్టి మనకి దొరికే కిటికీ చిన్నదే. ఆ కిటికీలోనే ఉంచుకోవడమా వెనక్కివ్వడమా తేల్చేసుకోవాలి.

ఫోన్ చేస్తే డీలర్ మొదట చెప్పింది, "మేం మధ్యవర్తులం సార్, ఓనర్ వేరు." అందరూ చెప్పేదే, ఓనర్ బండిని షాపులో పెట్టి అమ్మించుకోవడాన్ని పార్క్ అండ్ సేల్ అంటారు. కానీ డబ్బులు వెళ్లింది షాపు ఖాతాకి, రసీదు షాపు పేరు మీద. పైగా 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్లు అమ్మే డీలర్లకి ఆర్టీవో ఇచ్చే ఆథరైజేషన్ ఉండాలని, తమ దగ్గరున్న బండి బాధ్యత వాళ్లదేనని కేంద్ర నిబంధనలు వచ్చాయి. ఆ సర్టిఫికెట్ నంబరు చెప్పమని అడిగితే ఫోన్ పెట్టేశాడు. రెండోసారి వేరే గొంతు, "కేసేసుకోండి, విశాఖ వచ్చి ఎన్నిసార్లు తిరుగుతారో చూద్దాం."

ఈ బెదిరింపుకే మనవాళ్లు సగంమంది ఆగిపోతారు, అది వట్టి గాలి. 2019 చట్టం సెక్షన్ 34 ప్రకారం కొన్నవాడు ఉండే చోటే, అంటే కోరాపుట్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. విశాఖవాడే ఘాట్ ఎక్కి రావాలి. ₹5 లక్షల వరకు ఫీజే లేదు, మావాడి బండికైతే ₹200. గడువు రెండేళ్లు. అంతకన్నా ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి నమోదు చేయించవచ్చు. అలాగని కేసే మందు అనను. పరీక్షలు అక్కర్లేని ఫిర్యాదుని మూడు నెలల్లో, ల్యాబ్ పరీక్ష కావాల్సినదాన్ని ఐదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది కానీ వాయిదాల సంగతి మనకి కొత్తా? అన్నాళ్లూ ఆ బండి మన కోరాపుట్ వానల్లో షెడ్డు కింద నానుతుంటుంది. కేసు మీ చేతిలో కర్రగా ఉండాలి, కొట్టాల్సిన పని రాకుండా ముగిస్తే అదే లాభం.

అంటగట్టేయమన్నవాళ్ల గురించి ఎక్కువ చెప్పను. ఆ 78 వేల మీటర్ నిజం కాదని మనకి తెలిశాక అదే అంకె ఇంకొకడికి చెప్పి అమ్మితే, డీలర్‌ని తిట్టే నోరు మనకి ఉండదు, కేసు కూడా మన మీదకే వస్తుంది.

ఇంకో రకం బండి ఉంది, దాని విషయంలో ఆలోచన కూడా వద్దంటాను. నీళ్లలో మునిగింది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో వీధులకి వీధులు మునిగాయి, కార్లు కూడా మునిగాయి. అలాంటి బండి కడిగి, సీట్ కవర్లు మార్చి, సెంటు కొట్టి ఎంత దూరమైనా వెళ్లి అమ్ముడుపోగలదు. ముందు సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి, ఎప్పుడూ బయటికి రాని ఆ చివరి మూరలో బురద గీత కనపడుతుంది. స్టెప్నీ తీసి ఆ గుంటలో వేళ్లు పెట్టండి. సీటు కింద పట్టాల తుప్పు చూడండి. ఇవి దొరికితే రిపేరు బేరం ఆడొద్దు, వైరింగ్ లోపల పట్టిన తడి ఆర్నెల్ల తర్వాత ఏ ఘాట్‌లో పని చెబుతుందో ఎవరూ చెప్పలేరు.

మా విషయం పదకొండు రోజుల్లో తేలింది. ఈమెయిల్‌తో పాటు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు, దానికి సర్వీస్ హిస్టరీ, వాట్సాప్ స్క్రీన్‌షాట్, మీటర్ ఫోటో జతచేశాం. మొదట గ్యాస్కెట్ ఉచితంగా వేస్తామన్నారు. మీటర్ మాటేమిటి అంటే వేరే బండి చూసుకోమన్నారు. చివరికి ₹25,000 కోసుకుని మిగతాది ఇస్తామన్నారు, బండి మోయించడానికి అయిన ₹12,000 మాదే. మా అత్తగారు ఇప్పటికీ ఆ ₹37,000 వదిలేసినందుకు నన్ను తిడతారు. నేను మాత్రం అది తక్కువలో పోయినట్టే లెక్కేసుకున్నాను.

తిరిగి ఇచ్చిన రోజు డబ్బు ఖాతాలో పడేదాకా తాళం ఇవ్వలేదు. తేదీ, టైము, మీటర్ రీడింగ్‌తో రసీదు రాయించుకున్నాం. కొన్న రోజు మావాడు ఖాళీ ఫారం 30లు రెండు సంతకం చేసిచ్చాడు, అందరూ చేసే పనే, అవి వెనక్కి తీసుకుని అక్కడే చింపేశాం. ఎందుకింత పట్టింపంటే, రికార్డులో ఎవరి పేరుంటే యాక్సిడెంట్ బాధ్యత వాళ్లదేనని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో తేల్చింది. మన చేతిలో లేని బండి మన పేరు మీదకి ఎక్కకూడదు.

ఇప్పుడు మావాడు బొబ్బిలిలో ఇంకో కారు చూశాడు. టెస్ట్ డ్రైవ్ ఊళ్లో వద్దు, సాలూరు ఘాట్‌లో సుంకి దాకా ఎక్కించి చూపించమని అడగమన్నాను. డీజిల్ ఎవరు పోస్తారని అమ్మేవాడు అడిగాడట. నేనే పోస్తానన్నాడట మావాడు. ఆదివారం వెళ్తున్నాం.