తొమ్మిది నిమిషాల మౌనం

మొన్న ఆదివారం మా సైకిల్ క్లబ్బు స్మారక రేసు జరిగింది. జరిగిందనే అనాలి. మా అధ్యక్షులవారు వాట్సాప్ గ్రూపులో 'దిగ్విజయంగా' అని పెట్టేశారు, దాని కింద బోలెడు జోడించిన చేతులు కూడా పడ్డాయి. టైమ్‌కీపర్‌ని నేను. మోకాలు అరిగిపోయినవాడికి మా క్లబ్బులో ఇచ్చే పదవి అది.

ముందు రేసు సంగతి గబగబా చెప్పేస్తాను. ఇది హ్యాండిక్యాప్ రేసు. అందరూ ఒకేసారి బయల్దేరరు. నెమ్మదిగా తొక్కేవాళ్ళు ముందు, గట్టివాళ్ళు ఆఖర్న. విశాఖ బీచ్ రోడ్డులో జోడుగుళ్ళపాలెం దగ్గర మొదలు, భీమిలి వెళ్ళి తిరిగి అక్కడికే రావాలి, మొత్తం నలభై కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. గంటకి 20 తొక్కే పెద్దలకి రెండు గంటలు పడుతుంది. 24 తొక్కేవాళ్ళకి గంటా నలభై నిమిషాలు, 30 వాళ్ళకి గంటా ఇరవై, 32 తొక్కే కుర్రాళ్ళకి గంటంపావు. కాబట్టి పెద్దల్ని 6.00కి వదిలితే రెండో జట్టుని 6.20కి, మూడోదాన్ని 6.40కి, స్క్రాచ్ అనే ఆఖరి జట్టుని 6.45కి వదలాలి. లెక్క ప్రకారం అందరూ ఎనిమిదింటికి ఒకేసారి గీత దగ్గరికి రావాలి. రారనుకోండి, అది వేరే సంగతి. ముందు గీత దాటినవాడికి కప్పు. ఎప్పుడు బయల్దేరినా సరే, అందరికంటే తక్కువ టైములో తొక్కినవాడికి ఇంకో బహుమతి. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్, వార్నంబూల్ ఊళ్ళ మధ్య 1895లో మొదలైన రేసుని దశాబ్దాల తరబడి ఇలాగే నడిపారు, అదీ 250 కిలోమీటర్ల పైన. నాకున్న అనుమానమల్లా వాళ్ళకి ముఖ్య అతిథి ఉండేవాడు కాదని.

మాకు ఉన్నారు. అధ్యక్షులవారు పట్టుబట్టి తెచ్చారు. పేరెందుకుగానీ పెద్దమనిషే. జెండా ఊపడానికి 5.45కి రమ్మంటే కారు 6.35కి వచ్చింది. అప్పటికి రెండు జట్లు వెళ్ళిపోయాయి.

"ఏటి, నేను జెండా ఊపకుండానే ఎల్లిపోయారా?" అన్నారు కారు దిగుతూనే.

"ఒక్క ఫోన్ కొడితే వెనక్కి వచ్చేస్తారు సార్," అన్నారు అధ్యక్షులు. పెద్దల జట్టు ఈపాటికి మంగమారిపేట దగ్గర ఉంటుందని చెప్పాను. అయితే ఏం, పిలవండి అన్నట్టు చూశారు. నేను స్టాప్‌వాచీ వైపు చూసుకున్నాను.

వెనక్కి పిలిచే గండం తప్పిందనుకునేలోపు అధ్యక్షులవారు మైకు అందుకున్నారు. "మన మాస్టారి ఆత్మశాంతికి రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం." టైము 6.38. రెండు నిమిషాలంటే సరిగ్గా 6.40. ఫర్వాలేదు, మౌనం అవగానే మూడో జట్టుకి విజిల్ ఊదేయొచ్చని విజిల్ నోట్లో పెట్టుకున్నాను.

మాస్టారంటే మా క్లబ్బు పెట్టినాయన. రేసు ఆయన పేరు మీదే. ప్లాస్టిక్ కుర్చీలో ఆయన ఫోటో, దానికో బంతిపూల దండ, సముద్రం గాలికి ఎగిరిపోకుండా కుర్చీ కాళ్ళకి పాత ట్యూబు కట్టాం. బతికుండగా ఆయన రెండు నిమిషాలు మౌనంగా ఉండడం ఎవరూ ఎరగరు. ఒక్క నిమిషం ఆలస్యంగా వచ్చినవాణ్ణి భీమిలి చేరేదాకా తిడుతూ పక్కనే తొక్కేవారు.

సరే, అందరూ హెల్మెట్లు తీసి తలలు దించారు. 6.40 అయింది. ఎవరూ కదల్లేదు.

ఇక్కడ ఒక చిక్కుంది, దీని గురించి ఎవరూ ఆలోచించినట్టు లేదు. మౌనం మొదలుపెట్టడానికి మైకుంది, ముగించడానికి ఎవరున్నారు? అధ్యక్షులవారు అతిథి కళ్ళు తెరుస్తారని ఆగారు. అతిథిగారు అధ్యక్షులు 'ఓం శాంతి' అంటారని ఆగారు. ఇద్దరూ కళ్ళు మూసుకునే ఉన్నారు కాబట్టి ఎదుటివాడు తనకోసమే ఆగాడని ఇద్దరికీ తెలిసే దారి లేదు. అతిథిగారి తల మెల్లగా ఎడమవైపుకి వాలింది. అది భక్తో, నాలుగింటికి లేచిన ఫలితమో నేను చెప్పలేను.

నా సంగతి చూడండి. విజిల్ పళ్ళ మధ్య ఉంది. తీద్దామంటే ఒక చేతిలో స్టాప్‌వాచీ, ఇంకో చేతిలో జాబితా ఉన్న అట్ట, దాని మీదికి గాలి. ముక్కుతో పీలుస్తూ ఎంత మెల్లగా వదిలినా లోపలి గింజ కదిలి 'కీ' మంటోంది. ఆ చిన్న 'కీ'కి మూడో జట్టులో ముందున్న అమ్మాయి అడుగున కొక్కెం ఉన్న బూటుని టక్కున పెడల్‌కి తగిలించింది. ఆ టక్కు చప్పుడికి పది తలలు లేచాయి. అమ్మాయి సిగ్గుపడి మళ్ళీ ఊడదీసింది, ఇంకో టక్కు. ఆ తర్వాత నేను ఊపిరి బిగబట్టేశాను. మౌనం పాటించిన వాళ్ళందరిలోకీ నిజంగా ఆత్మశాంతికి దగ్గర పడినవాణ్ణి నేనే.

6.42. నెత్తళ్ళ చేపల గంపతో ఒకావిడ పల్లెలోంచి రోడ్డు మీదికి వచ్చింది. మమ్మల్ని చూసి ఆగింది. "ఎవురు బాబూ పోయారు?" అని మెల్లగా అడిగింది. జవాబిచ్చేవాడు లేడు. ఫోటో చూసింది, దండ చూసింది, గంప దించి కొంగు నిండా కప్పుకుని తలొంచి నిలబడింది. వెనకే వచ్చిన ఆటోవాడు ఇంజిన్ ఆపాడు. లోపలున్న ముగ్గురూ దిగారు. పొద్దున్నే నడకకి వచ్చిన ఓ జంట చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు పీకేసుకుని చేరారు. నాకు గుండె జారిపోయింది. మౌనానికి జనం చేరుతున్నారు! 6.43కి వచ్చినవాళ్ళ రెండు నిమిషాలు 6.45కి గానీ పూర్తికావు. వాళ్ళకోసమని మొదటివాళ్ళు ఆగితే, ఆ ఆగడం చూసి ఇంకో నలుగురు వస్తారు. ఇది ఇలాగే పెరిగితే మధ్యాహ్నానికి ఊరంతా వచ్చి నిలబడుతుంది, మాస్టారికి ఆయన పోయినరోజు కూడా రాని జనం వస్తారు.

6.45. స్క్రాచ్ కుర్రాళ్ళు నావైపు చూశారు. నేను అధ్యక్షులవైపు చూశాను. ఆయన కనురెప్పలు వణికాయిగానీ తెరుచుకోలేదు. నిజం చెప్పాలంటే ఆ రెప్పల సందులోంచి ఆయన నన్ను చూశారనే నా నమ్మకం. చూసి, అతిథి ముందు తాను కళ్ళు తెరిస్తే బాగోదని మళ్ళీ మూసేసుకున్నారు. నెత్తళ్ళ గంప చుట్టూ రెండు కాకులు చేరాయి. ఆవిడ కాలితో అదిలిస్తోంది, చేతులు మాత్రం జోడించే ఉంచింది.

6.47కి ఫోన్ మోగింది. అతిథిగారిదే. కళ్ళు తెరిచి, ఒకసారి చుట్టూ చూసి, ఎత్తారు.

"ఆఁ, చెప్పు... బీచ్ రోడ్డులోనే... ఏదో సంతాప సభ. వచ్చేస్తాను."

నేను ఊదాను. తొమ్మిది నిమిషాలు బిగబట్టిన ఊపిరంతా అందులోనే పోయింది, కాకులు లేచిపోయాయి. మూడో జట్టు, స్క్రాచ్ జట్టు రెండూ ఒకేసారి కదిలాయి, హెల్మెట్ బకిల్సు పెట్టుకుంటూ, ఒకరి చక్రం మీద ఒకరు పడుతూ. అతిథిగారు జెండా కోసం వెతుక్కునేసరికి రోడ్డు ఖాళీ. ఆటోకి ఊపారు.

మిగతాది చెప్పడానికి పెద్దగా లేదు. మూడో జట్టుకి ఏడు నిమిషాలు పోయాయి, గంటకి 30 లెక్కన మూడున్నర కిలోమీటర్లు. స్క్రాచ్‌కి రెండే పోయాయిగానీ వాళ్ళ బాధ వేరు. ఐదు నిమిషాలు ముందుండాల్సిన మూడో జట్టు మొత్తం వాళ్ళ చక్రాల వెనకే సెటిలయింది. ముందున్నవాడు గాలిని చీలుస్తుంటే వెనకున్నవాడికి శ్రమ బాగా తగ్గుతుంది. భీమిలి దాకా కుర్రాళ్ళు లాగారు, వీళ్ళు కూర్చున్నారు. ఎర్రమట్టి దిబ్బలు దాటాక తిరుగుదారిలో కూర్చున్నవాళ్ళలో ఒకడు లేచి ముందుకెళ్ళిపోయాడు, అతి తక్కువ టైము బహుమతి వాడిదే. కప్పేమో పెద్దల జట్టులో రిటైరైన ఒక బ్యాంకాయనకి. ఆయన భీమిలిలో ఆగి టీ కూడా తాగానని సన్మానంలో చెప్పారు. చెప్పకుండా ఉండాల్సింది.

స్క్రాచ్ కుర్రాళ్ళు అక్కడే గొడవకి దిగారు. "మౌనానికి మా టైమెందుకు పోవాలండీ?" అంటే, "పోయినాయన్ని అవమానిస్తారా?" అంటారు అధ్యక్షులు. మాస్టారే ఉంటే ఎవరి వైపుండేవారో చెప్పక్కర్లేదు. సాయంత్రానికి ముగ్గురు గ్రూపులోంచి వెళ్ళిపోయారు. మిగతావాళ్ళు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చారు. దాంతో ఫలితాల షీటులో ఆలస్యం ఎందుకయిందో, ఎంతయిందో నేను రాయాల్సి వచ్చింది.

'రెండు నిమిషాల మౌనం' అని రాయమని అధ్యక్షులవారు ఫోన్ చేశారు. అతిథిగారు నొచ్చుకుంటారట. నేను 'తొమ్మిది' అని రాసి పంపాను. సంతకం పెట్టనంటున్నారు.