ప్రింటర్ కొన్నారు, కాలిపర్స్ మరిచారు

గత ఏడాది ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో, ప్లాస్టిక్ కరిగించి పొర మీద పొర పేర్చి వస్తువు తయారుచేసే త్రీడీ ప్రింటర్‌ను చూశాను. గుడ్డ కప్పి ఉంది, పైన ఒక పూలదండ వేయడమే తక్కువ. గది తాళంచెవి ప్రధానోపాధ్యాయుడి బీరువాలో ఉంటుంది. అతిథులు వస్తే గుడ్డ తీస్తారు, ఇంటర్నెట్ నుంచి దించుకున్న ఈఫిల్ టవర్ బొమ్మ ఒకటి తీసి చేతిలో పెడతారు. నాకూ ఒకటి ఇచ్చారు. ముచ్చటగానే ఉంది. దీన్ని ఏ విద్యార్థి గీశాడని అడిగితే ఫ్యాను చప్పుడు తప్ప జవాబు లేదు.

నేపథ్యం తెలిసిందే. 2016లో నీతి ఆయోగ్, పిల్లలు సొంతంగా వస్తువులు తయారుచేస్తూ నేర్చుకునే అటల్ టింకరింగ్ ల్యాబులను బడుల్లో మొదలుపెట్టింది. బడికి 20 లక్షల రూపాయల వరకు గ్రాంటు. సగం ల్యాబు ఏర్పాటుకు, సగం నిర్వహణకు. ఐదేళ్లలో ప్రభుత్వ బడుల్లో 50,000 ల్యాబులు పెడతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. పథకం మీద నాకు కోపం లేదు. ఆరో తరగతి నుంచే పిల్లల చేతికి పనిముట్టు ఇవ్వాలన్నది మంచి ఆలోచనే. నా తగువంతా వరుసతోనే. యంత్రం ముందే దిగిపోతుంది, పాఠం మాత్రం ఎప్పటికీ రాదు.

ఆ పాఠం ఎలా ఉంటుందో ఇంకో ఊరి బడిలో చూశాను. ఎనిమిదో తరగతి అమ్మాయి ఇంటి నుంచి టేబుల్ ఫ్యాను మోసుకొచ్చింది. స్పీడు మార్చే నాబ్ విరిగిపోతే ఇంట్లో అందరూ పట్టకారుతో తిప్పుతున్నారట. నాబ్ కూర్చునే కడ్డీ వ్యాసం 6 మిల్లీమీటర్లు, ఒక పక్క చదునుగా ఉంది. ఆ అమ్మాయి సరిగ్గా 6 మిల్లీమీటర్ల రంధ్రంతో కంప్యూటర్‌లో బొమ్మ గీసి ప్రింట్ తీసింది. అది కడ్డీకి పట్టలేదు. కరిగిన ప్లాస్టిక్ చల్లారేటప్పుడు కాస్త కుంచించుకుంటుంది, యంత్రం ముక్కు నుంచి జారే దారం పక్కలకు కాస్త ఒత్తుకుంటుంది. దాంతో రంధ్రం గీసినదానికన్నా ఇరుకుగా వస్తుంది. ఈ సంగతి ఆ పిల్లకు ఎవరూ ముందుగా చెప్పలేదు. చెప్పకపోవడమే మంచిదైంది. 6.3కి పెంచింది. ఈసారి పట్టింది కానీ మూడోసారి తిప్పేసరికి నాబ్ చీలిపోయింది. పడుకోబెట్టి ప్రింట్ చేయడంతో పొరల అతుకులు సరిగ్గా తిప్పే బలం పడే చోటికి వచ్చాయి. మూడోదాన్ని నిలబెట్టి, గోడ మందం పెంచి తీసింది. నాబ్ తిరిగింది, ఫ్యానూ తిరిగింది.

మొత్తం మీద ప్రింటర్ పని చేసింది మహా అయితే మూడు గంటలు. మిగిలిన రెండు వారాలూ కొలవడం, గీయడం, తప్పడం, మళ్లీ కొలవడం. ప్రోడక్ట్ డిజైన్ అని మనం పెద్ద పేరు పెట్టుకున్న చదువు ఆ రెండు వారాల్లోనే ఉంది. అందుకు ముందుగా కావలసింది తరగతిలో ప్రతి ఇద్దరికీ ఒక కాలిపర్స్, అంటే వ్యాసం, మందం కచ్చితంగా కొలిచే పనిముట్టు. ఒక ప్రింటర్ ఖరీదులో బడికంతటికీ వస్తాయి.

మన పిల్లలు వెర్నియర్ కాలిపర్స్‌ను పట్టుకునేది చాలావరకు ఇంటర్ ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లోనే. ఒక గోళం వ్యాసం కొలవాలి. సగం మంది పక్కవాడి రికార్డు చూసి రీడింగులు దించుకుంటారు (మనమూ దించినవాళ్లమే). ఎందుకు దించరు? తప్పు కొలిచినా ఆ గోళానికి వచ్చే నష్టమేమీ లేదు. ఫ్యాను నాబ్ అలా ఊరుకోదు.

బడికి లెక్కల మాస్టారే లేనప్పుడు ప్రింటర్ దేనికని కొందరి ప్రశ్న. న్యాయమైన కోపమే, కానీ మాస్టారిని వేయని ప్రభుత్వం ప్రింటర్ మానేసినా వేయదు. ఇది ఆటబొమ్మల యంత్రం, దీంతో బతుకుతెరువు ఏముంటుందని ఇంకొందరంటారు. 2024 మే 30న మన శ్రీహరికోట నుంచే అగ్నికుల్ సంస్థ రాకెట్ ఎగిరింది. దాని ఇంజిన్‌ను ఒకే ముక్కగా ప్రింట్ చేశారు. ఇక ఆ మాట వదిలేద్దాం.

మార్కుల సంగతి మాత్రం వదలలేం. ఇంగ్లండ్‌లో పదహారేళ్ల వయసులో రాసే జీసీఎస్‌ఈ పరీక్షల్లో డిజైన్ అండ్ టెక్నాలజీ ఒక సబ్జెక్టు. సగం మార్కులు రాతపరీక్షకు. మిగతా సగం విద్యార్థి తయారుచేసిన నమూనాకు, అక్కడికి చేరడానికి వేసిన అడుగులన్నీ రాసిపెట్టిన ఫైలుకు. అలాంటి చోట కూడా, 2004లో ఆ వయసు పిల్లలకు దాన్ని ఐచ్ఛికం చేశాక రాసేవాళ్లు బాగా తగ్గిపోయారు. మనం ఈ చదువుకు మార్కులూ ఇవ్వలేదు, టైంటేబుల్‌లో ఒక పీరియడూ ఇవ్వలేదు. శనివారం సాయంత్రం ఆసక్తి ఉన్నవాళ్లు ఉండవచ్చు అన్నాం. పదో తరగతి పిల్లవాడికి శనివారం సాయంత్రం స్టడీ అవర్ ఉంటుందని తెలియనట్టు.

అసలు జబ్బు ఇంకా లోతుగా ఉంది. ఆ నాబ్ చీలిన రోజున బడి వరండాలో ఒక వడ్రంగి బెంచీలు బాగుచేస్తున్నాడు. ఊరికే కుతూహలం కొద్దీ చీలిన ముక్కను ఆయనకు చూపించాను. వెలుగుకు పట్టి గీతల మీద గోరు నడిపాడు. "నార అడ్డంగా పెట్టారు సార్. కుర్చీ కాలు ఇట్లా కోస్తే ఒక్క రోజు నిలవదు" అన్నాడు. త్రీడీ ప్రింటర్‌ను ఆయన అంతకుముందు చూడలేదు. ల్యాబులో నాలుగు రోజులు తల గోక్కున్న సమస్య ఆయనకు అర నిమిషం పని.

"చదవకపోతే మెకానిక్ షెడ్డులో చేర్పిస్తా" అని పిల్లల్ని బెదిరించే జాతి మనది. బాడిస పట్టిన చేతికి తెలివి ఉంటుందని ఒప్పుకోం. కొండపల్లిలో తెల్లపొణికి చెక్కతో చేసిన కాళ్లూ చేతులూ చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి బొమ్మను నిలబెట్టే వాళ్లను కళాకారులని సన్మానిస్తాం. వాళ్లకు తెలిసినదాన్ని ఇంజినీరింగ్ అనడానికి నోరు రాదు. బడిలో డ్రాయింగ్ మాస్టారు, క్రాఫ్ట్ టీచరు రిటైరైతే ఆ పోస్టు ఖాళీగా ఉందని ధర్నా చేసిన తల్లిదండ్రులను నేను చూడలేదు. ఇప్పుడు అదే చేతిపని అద్దాల గదిలో ఇంగ్లిషు పేరుతో వస్తే టై కట్టుకుని రిబ్బన్ కత్తిరిస్తున్నాం.

ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య ఎప్పుడైనా పిల్లలు పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలుల దగ్గర పని నేర్చుకోవాలని 2020 జాతీయ విద్యా విధానంలోనే రాసి ఉంది. నిర్వహణ కింద ఇచ్చే సొమ్ములోంచి వారానికి ఒక పూట ఊళ్లోని పనివాడికి గౌరవ వేతనం ఇచ్చి ల్యాబులో కూర్చోబెట్టండి. పిల్లలు పారేయబోయే మొదటి రెండు నాబ్‌లను రికార్డుకు అతికించి వాటికీ మార్కులు వేయండి.

ఆ రోజు ప్రధానోపాధ్యాయుడితో ఇదే అన్నాను, ఆ వడ్రంగిని ఒక్క గంట లోపలికి పిలవమని. ఆయన వరండా వైపు చూసి, "ముందు బెంచీలు పూర్తి కానివ్వండి సార్, బిల్లు పంపాలి" అన్నారు.