పుస్తకంలో ఇలా లేదు

మా ఇంట్లో రాత్రి తొమ్మిదింటికి అన్నాలు కాగానే పంతొమ్మిదో శతాబ్దం మొదలవుతుంది. బెంగుళూరులో ఉన్న మా అమ్మాయి తన ఓటీటీ పాస్‌వర్డ్ ఇచ్చినప్పటి నుంచి ఇంగ్లండు జమీందార్లు, గుర్రపు బగ్గీలు, పొడుగు గౌన్లు నెల్లూరు దర్గామిట్టలో మా హాల్లోనే కాపురం. వాటిని చూస్తూ ‘పుస్తకంలో ఇలా లేదు’ అనడం నా ఉద్యోగం. రిటైరయ్యాక దొరికిన ఉద్యోగం కాబట్టి జీతం అడగలేదు.

ఈ మాట అనడానికి పుస్తకం చదివి ఉండాలని కొందరి అపోహ. చదివినవాడికి సందేహాలుంటాయి. ‘ఎక్కడో ఉందేమో, మళ్లీ చూసి చెప్తా’ అని నసుగుతాడు. చదవనివాడి గొంతులో ఉండే ధీమా వాడికి చచ్చినా రాదు. 1813లో జేన్ ఆస్టిన్ అచ్చు వేయించిన ‘ప్రైడ్ అండ్ ప్రిజుడిస్’ మా అమ్మాయికి డిగ్రీలో పాఠ్యపుస్తకం. దానికి అట్ట వేసింది నేనే. ఆ చనువుతోనే మాట్లాడతాను.

పైగా మా ప్రాంతంవాళ్లకి ఈ విషయంలో వంశపారంపర్య హక్కు ఉంది. తిక్కన పదమూడో శతాబ్దంలో నెల్లూరు ఏలిన మా మనుమసిద్ధి కొలువులోవాడు. నన్నయ భారతాన్ని మూడో పర్వం మధ్యలో వదిలేస్తే, ఆ సగం జోలికి పోకుండా నాలుగోదైన విరాటపర్వం దగ్గర ఎత్తుకుని పదిహేను పర్వాలు పూర్తిచేశాడు. తెగిపోయిన ఆ ముక్కని తర్వాత అద్దంకి రెడ్డిరాజు కొలువులోని ఎర్రన అతికాడు. అంటే మొదటి సీజన్లు ఒకరు, చివరి సీజన్లు ఇంకొకరు, మధ్యలో ఆగిన ఎపిసోడ్ల కోసం జనం సుమారు మూడొందల ఏళ్లు ఎదురుచూశారు. మనం వారం ఆగలేక ఫోన్లు విసిరేస్తున్నాం.

ఇదంతా మా ఆవిడకి గర్వంగా చెబితే ఆమె వేరే దారిలో వెళ్లింది. “ఏడొందల శ్లోకాల భగవద్గీతని తిక్కన కొద్ది పద్యాల్లో తేల్చేశాడని మీరేగా చెప్పింది? అప్పుడు మీరుంటే ఆయన్ని కూడా పుస్తకంలో ఇలా లేదనేవాళ్లు.”

నేను ఏసీ ఒక డిగ్రీ తగ్గించాను.

అసలు చిక్కు మన రాజుల సిరీస్‌లతో వచ్చింది. మొన్న ఒకదాంట్లో పదమూడో శతాబ్దం అని వేసి, వంటశాలలో ఎండుమిరపకాయల దండ వేలాడదీశారు. సోఫాలోంచి లేచి నిలబడ్డాను. మిరపకాయ పుట్టింది అమెరికా ఖండంలో, మన దేశానికి పోర్చుగీసువాళ్ల ఓడల్లో వచ్చింది పదహారో శతాబ్దంలో, టమాటా సంగతీ అంతే, ఆ రోజుల్లో కారమంటే మిరియాలే అని ఉపన్యాసం ఇచ్చాను. ఇచ్చాక గానీ అర్థం కాలేదు, మనుమసిద్ధి మహారాజు తిన్న చేపల పులుసులో మిరపకారం లేదని నెల్లూరు నడిబొడ్డున నిలబడి నా నోటితో నేనే చెప్పానని. ఇంతకన్నా పెద్ద రాజద్రోహం ఉండదు.

మర్నాడు మధ్యాహ్నం కంచంలోకి పులుసు వచ్చింది. కొరమీను, చింతపండు, మామిడికాయ ముక్క, మిరియాలు. అంతే. “చరిత్ర ప్రకారం చేశానండీ” అంది. తిన్నాను. మహారాజుని శత్రువులు ఎందుకు అంత తేలిగ్గా కొట్టేశారో ఆ ముద్దతో తెలిసింది.

మళ్లీ ఇంగ్లండుకే వెళ్లిపోయాం. బీబీసీవాళ్లు 1995లో ఆరు భాగాలుగా తీసిన ‘ప్రైడ్ అండ్ ప్రిజుడిస్’ పెట్టాం. అప్పటికి అల్లూరు నుంచి మా అత్తగారు వచ్చి ఉంది. ఆమెకి ఇంగ్లీషు రాదు, సబ్‌టైటిల్స్ బాధ అసలే లేదు. ఐదుగురు ఆడపిల్లలు, మగపిల్లాడు లేడు, తండ్రి పోతే ఇల్లూ భూమీ దాయాదికి పోతాయి అని మా ఆవిడ చెప్పింది. ఆ పిల్లల తల్లి పెళ్లిళ్లు పెళ్లిళ్లు అని గోల పెడుతుంటే ప్రపంచమంతా నవ్వుతుంది. మా అత్తగారు నవ్వలేదు. “నవ్వేదేముంది నాయనా? దాయాది ఇంటిమీద కన్నేసుంటే ఆమె అరవకుండా ఎట్టుంటది?” అంది. తర్వాత హీరో డార్సీని చూపించి ఏడాదికి పదివేల పౌన్ల రాబడి అంటే, “ఎన్ని ఎకరాల గుంటలు?” అని అడిగింది. వాళ్ల తమ్ముడికి రొయ్యల గుంటలున్నాయి.

ఇంతలో ఆ డార్సీ కోటు తీసేసి, చొక్కాతోనే చెరువులోకి దూకాడు. తడిబట్టలతో వస్తుంటే హీరోయిన్ ఎదురుపడింది. “పుస్తకంలో ఇలా లేదు” అన్నాను అలవాటుగా. మా ఆవిడ వెంటనే అమ్మాయికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది.

“అవును నాన్నా, నిజంగానే లేదు. నవల్లో మామూలుగా నడిచే వస్తాడు.”

నాకు చెమటలు పట్టాయి. ఇన్నేళ్ల సర్వీసులో నా మాట నిజం కావడం ఇదే మొదటిసారి. ఇప్పుడేం చెయ్యాలో తెలియలేదు.

“లేకపోతే ఏంది?” అంది అత్తగారు. “అంత రాబడి ఉండేవాడు ఉన్నట్టుండి గుంటలో దూకాడంటే నీళ్లకి గాలి కొట్టే ఏరియేటర్ ఆగిపోయుంటది.”

మా ఆవిడ ఏమీ అనలేదు. రిమోట్ తీసుకుని వెనక్కి తిప్పి, అతను దూకేది మళ్లీ పెట్టింది. అయ్యాక ఇంకోసారి పెట్టింది. ఎందుకని అడిగాను.

“పుస్తకంలో లేదుగా, అందుకని” అంది.