ఫీలు లేని గేరెందుకు?

అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ దాకా సాయంత్రం ఆరింటికి కారు నడిపేవాడికి ఫస్టు, సెకండు, మళ్లీ ఫస్టు తప్ప వేరే గేర్లతో పరిచయం ఉండదు. ఉన్న ఆ రెండు గేర్లైనా టక్కున, హుందాగా, చేతికి తెలిసేట్టు పడాలని కోరుకోవడంలో తప్పేముంది? కంపెనీవాడు ఇచ్చిన గేర్ రాడ్డు సాంబారులో గరిటెలా తిరుగుతుంటే ఆత్మగౌరవం ఉన్న డ్రైవరు ఎంతకాలమని ఓర్చుకుంటాడు? కనుక గేర్ రాడ్డు ఆధునికీకరణను జాతీయ అవసరంగా గుర్తించి, ఆచారం ప్రకారం ఎలా చేయాలో ఇక్కడ వివరిస్తున్నాం.

ఆచారంలో మొదటి నియమం: లోపం ఎక్కడున్నా సరే, కంటికి కనిపించే భాగంతోనే మొదలుపెట్టాలి. అంటే నాబ్, రాడ్డు కొసన చేత్తో పట్టుకునే పిడి. కంపెనీ ప్లాస్టిక్ నాబ్ చాలా కార్లలో వంద గ్రాములు కూడా తూగదు. దాని స్థానంలో మూడు నాలుగు వందల గ్రాముల గట్టి స్టీలు నాబ్ బిగిస్తే తేడా నిజంగానే తెలుస్తుంది. గేరు పడేముందు వేగాలు కలిపే సింక్రో దగ్గర రాడ్డుకు చిన్న అడ్డు తగిలినప్పుడు ఆ బరువు తాలూకు ఊపే దాన్ని దాటించేస్తుంది, చేతికి మెత్తగా పడినట్టుంటుంది. అయితే ఆ స్టీలును కనిపెట్టినవాడు మే నెలలో రామగుండంలో కారు ఎండన పెట్టి ఉండడు. మధ్యాహ్నం రెండింటికి దాన్ని పట్టుకోవాలంటే కర్చీఫ్ కావాలి. లోపల ఉక్కు, బయట ప్లాస్టిక్ ఉండే నాబ్‌లూ దొరుకుతాయి కానీ, అవి ఫొటోలో మెరవవు కాబట్టి వాటి ప్రస్తావన ఇక్కడితో చాలు.

పాత నాబ్ తీయడం తేలిక. రాడ్డు అడుగున చుట్టూ ఉన్న తోలు తొడుగు (బూటు) ఫ్రేమును అంచుల దగ్గర పైకి లాగితే క్లిప్పులు వదులుతాయి. మర నాబ్ అయితే ఎడమవైపు తిప్పితే వచ్చేస్తుంది. నొక్కి బిగించిన రకమైతే రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ మెలిపెడుతూ నిటారుగా లాగాలి. లాగేటప్పుడు ముఖం పక్కకు పెట్టుకోవాలి. అది ఊడితే ఒక్కసారిగా ఊడుతుంది, నేరుగా గడ్డానికే వస్తుంది. కొత్తదాని మర కొనేముందే చూసుకోవాలి: ఎం10, ఎం12 అని మందం ఒక్కటే కాదు, 1.25, 1.5 అని మర దూరం కూడా కలవాలి. కలవకపోతే మూడు చిన్న స్క్రూలతో బిగించే 'యూనివర్సల్' నాబ్ ఉండనే ఉంది. కొన్నాళ్లకు ఆ స్క్రూలు వదులై నాబ్ తనంతట తాను తిరుగుతుంది, దాని మీద గీసిన గేర్ల బొమ్మ డ్రైవరు డోరు వైపు చూస్తూ ఉంటుంది. ఇక రాడ్డు మీది రింగు పైకెత్తితేనే రివర్స్ పడే కార్లలో కొత్త నాబ్ ఆ రింగును ఎత్తనివ్వకపోతే రివర్స్ పడదు. అలాంటి కారు ఉన్నవాళ్లు ఇకపై ముందుకే బతకాలి.

రెండో మెట్టు, త్రో, అంటే గేరు మార్చేటప్పుడు రాడ్డు కదిలే దూరం, తగ్గించడం. దీనికి 'షార్ట్ షిఫ్టర్' కిట్ కొనేవాళ్లు కొందరు. ఆటోనగర్ తీసుకెళ్లి "అన్నా, రాడ్డు రెండంగుళాలు కోసెయ్" అనేవాళ్లు ఎక్కువమంది. ఇక్కడ తులాదండ సూత్రం ఎవరి మొహమాటానికీ లొంగదు. కీలు నుంచి నాబ్ దాకా 30 సెంటీమీటర్లున్న రాడ్డును 24కి కోస్తే చెయ్యి కదిలే దూరం 20 శాతం తగ్గుతుంది, పెట్టాల్సిన బలం 25 శాతం పెరుగుతుంది. రేసు డ్రైవరులా అనిపించేది ఆ తగ్గిన దూరమైతే, సాయంత్రానికి భుజం పట్టేసేది పెరిగిన బలం. పైగా గేర్ల పళ్లు కలిసేముందు రెండు వైపులా వేగం సమం చేయడానికి సింక్రో రింగుకు క్షణం టైము కావాలి. అది శంకువు మీద రాసుకుని పనిచేసే చిన్న రింగు, మన తొందర దానికి పట్టదు. టైము ఇవ్వకుండా తోస్తే 'కర్ర్' మంటుంది. సాధారణంగా ముందుగా అరిగేది సెకండ్ గేరు సింక్రోయే. ట్రాఫిక్‌లో మన జీవితమంతా సెకండ్ గేరే కనుక మన వంతు సహకారం లోటు లేకుండా అందుతోంది.

ఈ మెట్టులోనే మహా సాహసం ఇంకొకటి ఉంది. బోనెట్ ఎత్తితే, కేబుల్ గేర్లున్న చాలా కార్లలో గేర్‌బాక్స్ మీది లివరుకు ఇనుప దిమ్మ ఒకటి కనిపిస్తుంది. 'అనవసరపు బరువు' అని దాన్ని విప్పేసేవాళ్లున్నారు. అది కంపెనీవాడు పెట్టిన నాబ్ బరువే, కాకపోతే చోటు వేరు. అది పోతే గేరు గతుకులు గతుకులుగా పడుతుంది. అప్పుడు ఆ లోటు పూడ్చడానికి ఇంకా బరువైన నాబ్ కొంటారు. వ్యాపారం ఇలాగే వర్ధిల్లుతుంది.

ఇక ఎవరూ చేయకూడని పనులు చెబుతాం, ఎందుకంటే వీటిని ఫొటో తీసి చూపించుకోలేం. న్యూట్రల్‌లో రాడ్డు వదులుగా ఊగుతుందా? మూడు వేయబోతే ఐదు పడుతుందా? ఒకరు లోపల కూర్చుని రాడ్డు కదపాలి, ఇంకొకరు బోనెట్ కింద కేబుల్ కొస చూడాలి. రాడ్డు కదిలిన కాసేపటికి గానీ గేర్‌బాక్స్ లివరు కదలకపోతే అక్కడి బుష్, అంటే కేబుల్ కొసను లివరుకు కలిపేచోట ఉండే చిన్న రబ్బరు తొడుగు, పోయినట్టే. ఇంజిన్ వేడికి ఆ రబ్బరు ఎండి పగులుతుంది. క్లిప్పు తీసి, పాతది పీకి, కొత్తదానికి సిలికాన్ గ్రీజు రాసి నొక్కితే పని అయిపోతుంది. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బుతుంది. నైలాన్‌, ఇత్తడి బుష్‌లు వేస్తే గేరు బిగువుగా పడుతుంది, దాంతోపాటు ఇంజిన్ వణుకూ చేతికి అందుతుంది. ఆ తర్వాత కేబుల్ సరిచూసుకోవాలి: న్యూట్రల్‌లో రాడ్డును పిన్నుతో కదలకుండా లాక్ చేసి, అప్పుడే అడ్జస్టర్ బిగించాలి. కొత్త బుష్ వేసి అడ్జస్ట్‌మెంటు వదిలేస్తే ఒకటి బాగా పడి రెండు మొండికేస్తుంది. ఇంత చేసినా, బుష్ ఖరీదు విని ఎవరూ నోరు వెళ్లబెట్టరు. అదే దాని దౌర్భాగ్యం.

గేర్ ఆయిల్ కథా అంతే. చాలా కార్ల మాన్యువల్ పుస్తకంలో ఆయిల్ రకం జీఎల్-4 అని, ఏదో ఒక చిక్కదనం అని స్పష్టంగా రాసి ఉంటుంది. షెడ్డులో "సార్, ఇది ఇంకా హెవీ" అంటూ చక్రాలకు బలం పంచే డిఫరెన్షియల్‌కు పోసే జీఎల్-5 పోస్తారు. అందులో ఒత్తిడిని తట్టుకునే మందు ఎక్కువ, జారుడూ ఎక్కువ. సింక్రోకు కావాల్సింది పట్టు, జారుడు కాదు. కొన్ని రకాలు ఇత్తడినీ తింటాయి. మార్చేటప్పుడు ముందు పోసే బిరడా విప్పాలి, తర్వాతే కారే బిరడా. పాతదంతా కారిపోయాక పైది రాకపోతే కారు అక్కడే కాపురం పెడుతుంది. కింది బిరడా అయస్కాంతానికి బూడిదరంగు ముద్ద అంటుకుని ఉంటే మామూలే, ముక్కలుంటే ఆలోచించాలి.

అసలు పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఇంజిన్ ఆపి గేర్లన్నీ వేసి చూడండి. ఆపినప్పుడు హాయిగా పడి, స్టార్ట్ చేశాక మొరాయిస్తే, రివర్స్ గరగరమంటే, తప్పు రాడ్డుది కాదు. క్లచ్ పూర్తిగా వదలడం లేదు. హైడ్రాలిక్ క్లచ్ అయితే గాలి చేరిందేమో చూసి దాన్ని బయటకు తీయించాలి (బ్లీడ్), కేబుల్‌ది అయితే దాని వదులు సరిచేయించాలి. ఈ రెండింటికన్నా ముందు ఒకసారి కిందకు వంగి చూడాలి. కంపెనీ మ్యాటు, దాని మీద డీలరు ఇచ్చిన మ్యాటు, ఆ పైన వేలు పోసి వేయించిన డైమండ్ కుట్టు 7డి మ్యాటు. ఈ మూడంతస్తుల మేడ మీద క్లచ్ పెడల్ చివరిదాకా దిగే దారేది? పై రెండూ తీసేస్తే గేరు ఆ క్షణం నుంచే బాగుపడుతుంది. కానీ తీయమంటే ఇంట్లో ఒప్పుకోరు, అవి సీటు కవర్లకు మ్యాచింగ్.