బదిలీల జాబితాలో పరిశోధన గల్లంతు

వైద్య కళాశాల వార్త అంటే మా జిల్లా పేజీల్లో కనిపించేవి మూడే. కొత్త ప్రిన్సిపాల్ బాధ్యతల స్వీకారం: పూలగుచ్ఛం, పక్కన నవ్వుతూ సూపరింటెండెంట్. సీనియర్ ప్రొఫెసర్ పదవీ విరమణ: శాలువా, జ్ఞాపిక, ‘ఆయన సేవలు మరువలేనివి’. మూడోది తనిఖీ బృందం రాక. ఆ కాలేజీలో గడిచిన ఏడాది ఏ జబ్బు మీద ఆరా తీశారు, ఏం తేలింది, ఏది తప్పని తేలింది అన్న వార్త ఎప్పుడైనా వేశామా అని మమ్మల్ని మేం అడిగితే నోట మాట రాదు. ఉంటే కదా వేయడానికి అని తప్పించుకోవచ్చు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు.

ఎంత నిజమో చెప్పే లెక్క ఒకటుంది. పేరున్న సర్జన్ సమీరన్ నందీ, ఆయన సహచరులు దేశంలోని 579 వైద్య విద్యా సంస్థలు 2005 నుంచి 2014 దాకా ప్రచురించిన పరిశోధన పత్రాలను ఏరి లెక్కగట్టి, 2016లో బయటపెట్టారు. ఏటా వందకు మించి పత్రాలు తెచ్చినవి పాతికే. మొత్తం పత్రాల్లో నూటికి 40 ఆ పాతికవే. పదేళ్లలో ఒక్కటంటే ఒక్క పత్రమూ లేని సంస్థలు 332, అంటే సగానికి పైనే. వాటిలో ఏటా వందల మంది డాక్టర్లు తయారయ్యారు, లక్షల మంది రోగులు ఓపీ చీటీ రాయించుకున్నారు. ఇంతమందిని చూసిన కళ్లకు రాసిపెట్టదగ్గది ఏదీ కనబడలేదంటే నమ్మాలా?

కనబడలేదని మేం అనుకోవడం లేదు. చూసిన మనిషి రాసే దాకా ఆ కుర్చీలో ఉండలేదన్నదే మా అనుమానం. సిబ్బంది సంగతి ఒక ఫైలు, పరిశోధన సంగతి ఇంకో ఫైలు అన్నట్టు ప్రభుత్వాలు నడుపుతున్నాయి. నిజానికి రెండూ ఒకే ఫైలు. ఎవరు ఎక్కడ ఎన్నాళ్లుంటారో తేలితే తప్ప ఏ ప్రశ్నకు జవాబు దొరుకుతుందో తేలదు.

ఈ గడ్డ మీద ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. 1846లో మొదలైన హైదరాబాద్ మెడికల్ స్కూలే నేటి ఉస్మానియా వైద్య కళాశాలకు మూలం. 1880లలో దాని బాధ్యతలు చూసిన ఎడ్వర్డ్ లారీకి ఒక పట్టుదల ఉండేది. క్లోరోఫాం మత్తులో రోగి చనిపోతే ముందు ఆగేది ఊపిరే గానీ గుండె కాదని ఆయన వాదన. దాన్ని తేల్చడానికి 1888లో నిజాం ప్రభుత్వ ఖర్చుతో ఒక కమిషన్ వేశారు. ఇంగ్లండ్ వైద్యులు పెదవి విరిచారు. అయితే మీ మనిషినే పంపండి, ఖర్చు మాది అని నిజాం సర్కారు వెయ్యి పౌండ్లు ఇచ్చింది. 1889లో లాడర్ బ్రంటన్ అనే లండన్ వైద్యుడు ఓడెక్కి వచ్చి హైదరాబాద్‌లో కూర్చున్నాడు. కుక్కల మీద, కోతుల మీద వందల ప్రయోగాలు జరిగాయి. ఆ బడిలో చదువుకున్నవారూ చెయ్యి వేశారు. మత్తు ఇవ్వడంలో తొలి మహిళగా చరిత్ర చెప్పుకొనే రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ బడి విద్యార్థినే. నివేదిక ‘లాన్సెట్’ పత్రికలో అచ్చయింది, ప్రపంచమంతా దాని మీద కొట్లాడుకుంది. రెండు దశాబ్దాల తర్వాత, మత్తు పలచగా ఉన్నప్పుడు గుండే లయ తప్పి ఆగిపోగలదని లండన్‌లో లెవీ అనే పరిశోధకుడు చూపించాక లారీ వాదన వీగిపోయింది.

వీగిపోతేనేం? ఊపిరిని కనిపెట్టుకుని ఉండాలన్న ఆయన హెచ్చరిక మాత్రం నిలిచింది. పైగా తప్పని తేల్చడానికైనా ముందు ఒకరు అచ్చులో పెట్టాలి కదా. ఇవాళ మన కాలేజీల్లో తప్పని తేలేంత స్పష్టంగా ఏదైనా చెబుతున్నవారు ఎందరు?

సిబ్బంది సంగతికీ పరిశోధనకూ ఉన్న ముడి తెలియాలంటే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కథ చాలు. మద్రాస్ వైద్య కళాశాలలో ఖద్దరు గౌను తొడిగి ఆపరేషన్ థియేటర్‌కు వెళ్లినందుకు సర్జరీ ప్రొఫెసర్ కన్నెర్ర చేశాడని, ఎంబీబీఎస్ బదులు దానికన్నా తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టారని చెబుతారు. సోదరుణ్ని పేగులు పోషకాలు పీల్చుకోలేని స్ప్రూ జబ్బు పొట్టనబెట్టుకుంది. అమెరికా చేరి, బోస్టన్ ఆసుపత్రిలో రాత్రిళ్లు రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తిపోస్తూ హార్వర్డ్ వైద్య కళాశాలలో చదివాడు. 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టాడు. వారి పేర్లతోనే ఆ పద్ధతిని తరాల పాటు బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో నేర్పారు. తర్వాత కండరంలో శక్తిని దాచే ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ. ఒంట్లో ప్రతి కణానికీ కూలి చెల్లించే నాణెం లాంటిది ఏటీపీ. అంతటివాడికి హార్వర్డ్ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాలు ఫిస్క్ అసూయ వల్ల వెలుగు చూడక, ఏళ్ల తర్వాత మరొకరు మళ్లీ కనుక్కోవాల్సి వచ్చిందని, తర్వాత్తర్వాత నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ చెప్పాడు.

1940లో సుబ్బారావు హార్వర్డ్ వదిలి లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లాడు. ఎనిమిదేళ్లే పనిచేశాడు, 1948లో పోయాడు. ఆ ఎనిమిదేళ్లలో ఆయన బృందం నుంచి వచ్చినవి చూడండి: ఫోలిక్ యాసిడ్ తయారీ, క్యాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్, బోదకాలుకు డీఈసీ. మన ఊళ్లలో ఆశా కార్యకర్త గడప దగ్గర నిలబడి, ఎదురుగా మింగితే గానీ కదలని ఆ బోదకాలు మాత్ర ఆయనదే. ఒక విశ్వవిద్యాలయ వైద్య కళాశాల ఒక ఉద్యోగ ఉత్తర్వు ఇవ్వనందుకు పోగొట్టుకున్నది అదంతా. హార్వర్డ్‌కు ఆయన ఒక్కడు పోయినా చెల్లింది. మనకు చెల్లదు.

ఇప్పుడు మన దగ్గరకు వద్దాం. అసిస్టెంట్ ప్రొఫెసర్ అసోసియేట్ కావాలంటే రెండు ప్రచురణలు చూపాలని నిబంధన. ఉద్దేశం మంచిదే. జరుగుతున్నది వేరు. పదోన్నతుల జాబితా వస్తోందని వైద్య విద్య సంచాలకుల (డీఎంఈ) కార్యాలయం నుంచి గుసగుస వినబడగానే, డబ్బు కడితే రెండు వారాల్లో అచ్చేసే పత్రికలకు గిరాకీ లేస్తుంది. ‘సార్, నా పేరు మూడోదిగా పెట్టండి’ అన్న వేడుకోలు విభాగాధిపతి గదిలో మొదలవుతుంది. పని చేసిన పీజీ విద్యార్థి పేరు నాలుగో చోటికో, అసలు లేకుండానో పోతుంది. పత్రం అచ్చయ్యాక దాన్ని చదివినవారు ఒకరే ఉంటారు, సర్వీసు రిజిస్టరులో నమోదు చేసే గుమస్తా.

పీజీ థీసిస్‌ల సంగతి ఇంకా విచారకరం. ఎండీ, ఎంఎస్ చదివే ప్రతి ఒక్కరూ ఒక థీసిస్ ఇవ్వాలి. నల్ల రెక్సిన్ అట్ట, మీద బంగారు రంగు అక్షరాలు, లోపల గైడ్ సంతకం. కాలేజీ గ్రంథాలయంలో చివరి బీరువా తెరిస్తే అవి వరుసగా నిలబడి ఉంటాయి. రెండు రాష్ట్రాల ఆరోగ్య విశ్వవిద్యాలయాలకు ఏటా ఇలాంటివి వందల్లో చేరతాయి. పురుగుమందు తాగినవారిలో ఎవరు బతికారు, పాముకాటుకు ఎన్ని సీసాల విరుగుడు మందు పట్టింది, డయాలసిస్ మీద ఎన్నాళ్లు నెట్టుకొచ్చారు, అన్నీ మన ఊళ్ల రోగుల లెక్కలే. ఆ బీరువా తాళం చెవి ఎవరి దగ్గరుందో మాత్రం అడగొద్దు.

రికార్డు రూములో పరిస్థితి చెప్పనక్కర్లేదు. ఏ పెద్దాసుపత్రిలోనైనా మెట్ల కింద గదో, పాత వార్డో దానికి రాసిపెట్టి ఉంటుంది. కేసు షీట్లు నెలవారీగా పురికొసతో కట్టి, కట్ట మీద స్కెచ్ పెన్నుతో నెల పేరు. వానకు తడిసిన కట్టలు ఇటుకల్లా గట్టిపడి ఉంటాయి. ‘స్క్రబ్ టైఫస్ జ్వరంతో గత అయిదేళ్లలో చేరినవారి షీట్లు కావాలి’ అని జూనియర్ డాక్టర్ అడిగితే, ఆ కట్టల మధ్య చతికిలబడి ఒక్కొక్కటీ విప్పుకోవాలి. చంకలో, నడుము మడతలో సిగరెట్‌తో కాల్చినట్టుండే, ఆ జబ్బుకు గుర్తయిన నల్ల పొక్కు ఉందో లేదో చేర్చుకున్న రోజే రాసిపెట్టి ఉంటే కదా, విప్పినా ఏమైనా దొరికేది!

ఇక హాజరు. 2022-23 సంవత్సరానికి తాను మదింపు చేసిన కాలేజీల్లో అత్యధికం కాగితాల మీది బోధకులతోనే నడుస్తున్నాయని, సగం హాజరు నిబంధననైనా అందుకున్నది ఒక్కటీ లేదని జాతీయ వైద్య కమిషనే తేల్చింది. ఆధార్ వేలిముద్ర పద్ధతి పోయి 2025లో ముఖం చూపి హాజరు వేసుకునే పద్ధతి వచ్చింది. తనిఖీలకే లంచాలు ముట్టాయంటూ అదే ఏడాది సీబీఐ కేసు పెట్టింది. తనిఖీ అంటే ఒకప్పుడు పక్క జిల్లా నుంచి బస్సులో డాక్టర్లు దిగడం, తలుపు మీద నేమ్ బోర్డులు మారడం, ఖాళీ మంచాల మీద అద్దె రోగులు పడుకోవడం. ఇప్పుడు ముఖం చూపక తప్పదు గనుక ఆ నాటకం కొంత తగ్గింది. ముఖం చూపించిన మనిషి ఆ రోజంతా ఏం చేశాడన్నది మాత్రం ఏ కెమెరాకూ పట్టదు.

కొత్త కాలేజీలు మంచివే. 2023లో ఆంధ్రప్రదేశ్‌లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలల్లో ఒకేసారి అయిదు తెరుచుకున్నాయి. తెలంగాణ జిల్లాకొకటి అన్న లెక్కన తెరుస్తూ వచ్చింది. విశాఖ ఆంధ్ర వైద్య కళాశాల 1923లో పుట్టాక గుంటూరుకు కాలేజీ రావడానికి 23 ఏళ్లు పట్టిన ప్రాంతంలో ఇది చిన్న మార్పు కాదు. అయితే సీట్లకు తగ్గ బోధకులు ఎక్కడ? ఉన్న చోట నుంచి తెచ్చి లేని చోట పెట్టారు. పాత కాలేజీ ఖాళీ అయింది, కొత్త కాలేజీ నిండినట్టు కనబడింది. మా ఊళ్లో దీన్ని ఉన్న దుప్పటి కాళ్ల మీదికి లాగితే తల బయటపడటం అంటారు.

2025 జూలైలో కమిషన్ తెచ్చిన కొత్త నిబంధనలు ఈ కొరతకు ఒక దారి చూపాయి. 220 పడకలు దాటిన ప్రభుత్వాసుపత్రుల్లో పదేళ్ల అనుభవమున్న స్పెషలిస్టు నేరుగా అసోసియేట్ ప్రొఫెసర్ కావచ్చు, రెండేళ్ల అనుభవమున్నవారు పీజీ తర్వాత చేసే సీనియర్ రెసిడెన్సీ లేకపోయినా అసిస్టెంట్ ప్రొఫెసర్ కావచ్చు. పాత కాలేజీల బోధకులు దీని మీద గుర్రుగా ఉన్నారు. మేం వారితో ఏకీభవించడం లేదు. జిల్లా ఆసుపత్రిలో పదేళ్లు రాత్రి డ్యూటీ చేసిన ఫిజీషియన్ చూసిన పాముకాట్లు పెద్దాసుపత్రి ప్రొఫెసర్ చూసి ఉండకపోవచ్చు. ఆయనకు లేనిది రాసే అలవాటు, రాయడానికి తీరిక. బయోమెడికల్ పరిశోధన మీద ఆన్‌లైన్ కోర్సు పూర్తిచేయాలని నిబంధన పెట్టారు. కోర్సు సరే, వారానికి ఒక పూట ఓపీ నుంచి విడుపు ఎవరిస్తారు?

ఈ గడ్డ అడిగే ప్రశ్నలకు కొదవ లేదు. 1930లలో దర్శి, పొదిలి ప్రాంతంలో ఎడ్లు కీళ్లు బిగుసుకుపోయి అడుగు వేయలేకపోవడాన్ని మొదట చూసింది రైతులే. తర్వాత అదే మనుషులకూ వచ్చింది. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి నాటి నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ మీద రాసిన పత్రం దేశంలో ఆ జబ్బు చరిత్రకు మొదటి పేజీ. మద్రాసు నుంచి వచ్చి వారు రాశారు. నల్లగొండ పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగిపోవడం మీద 1970లలో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వారు రాశారు. ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి తోటల మధ్య కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇదమిత్థంగా ఇప్పటికీ తేలలేదు. నీరా, మట్టా, మందులా, వేడా, వంశమా? పలాసలో 2023 డిసెంబరులో ఆసుపత్రితో పాటు పరిశోధన కేంద్రమూ తెరిచారు. పదేళ్లు ఒకే ఊళ్ల మనుషులను వెంబడించి, ఏటా రక్తం తీసి, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎవరికి ఎప్పుడు కదిలిందో రాసుకుంటే గానీ తెగని ప్రశ్న అది. ఆ పని మొదలుపెట్టిన నెఫ్రాలజిస్టు పేరు మూడో ఏడు బదిలీ కౌన్సెలింగ్ జాబితాలోకి ఎక్కితే, ఆయన వెనకాల మిగిలేది డీప్ ఫ్రీజర్‌లో లేబుళ్లు ఊడిన సీసాలే.

అందుకే ప్రభుత్వాలను మేం అడిగేది భారీ నిధులు కాదు. పరిశోధనల మంచిచెడ్డలు చూసే ఎథిక్స్ కమిటీ అనుమతితో దీర్ఘకాల అధ్యయనం నడుపుతున్న బోధకుణ్ని అది ముగిసే దాకా బదిలీ జాబితా నుంచి తప్పించండి. దీని చాటున అడ్డదారులు తొక్కేవారు తయారవుతారని మాకూ తెలుసు. ఏటా ఫలితం చూపనివారికి ఆ రక్షణ తీసేస్తే సరి. కేంద్రం పథకం కింద పాత కాలేజీలకు వచ్చిన పరిశోధన యూనిట్లలో కాంట్రాక్టు సైంటిస్టుల జీతాలు నెలల తరబడి ఆపకండి. ఆ బీరువాలోని థీసిస్‌లను స్కాన్ చేసి, ఎవరైనా తెరిచి చదువుకునేలా పెట్టండి. పత్రం మీద పీజీ పేరు ఎక్కడుందో ప్రిన్సిపాల్ ఒకసారి అడగండి.

ఇంకొకటి. ప్రతి ప్రభుత్వ వైద్య కళాశాల ఏటా తెలుగులో రెండు పేజీల కాగితం బయటపెట్టాలి. మొదటి పేజీలో సిబ్బంది: ఎన్ని పోస్టులు, ఎన్ని ఖాళీలు, ఎవరు వచ్చారు, ఎవరు వెళ్లారు. రెండో పేజీలో పరిశోధన: ఏ ప్రశ్న ఎత్తుకున్నారు, ఎంత దూరం వచ్చింది, మధ్యలో ఆగితే ఎందుకు ఆగింది. ఓపీ దగ్గర గోడకు అతికిస్తే వరుసలో నిలబడిన రోగి కూడా చదువుకోగలిగేంత తేలిక భాషలో ఉండాలి. జిల్లా పేజీలో శాలువా ఫొటో పక్కన దానికి చోటు ఉంచుతాం. ప్రిన్సిపాళ్లు పంపడమే తరువాయి.