జీతం లేదు గానీ, డ్యూటీకి రండి

అమెరికా ఫెడరల్ ఉద్యోగుల మీద నాకు చాన్నాళ్లుగా ఒక ఫిర్యాదు ఉంది. వాళ్లకి త్యాగం విలువ తెలియదు. కాంగ్రెస్ అనే అక్కడి పార్లమెంటు నిధులివ్వక ప్రభుత్వ ఆఫీసులు మూతపడితే దాన్ని షట్‌డౌన్ అంటారు. 2025 అక్టోబరు 1న మొదలైన షట్‌డౌన్ నవంబరు 12 దాకా సాగింది. 43 రోజులు! అప్పటిదాకా ఆ దేశ చరిత్రలో అంత పొడవైనది ఇంకోటి లేదు. అలాంటి రికార్డులో చోటు దొరికితే సంతోషించాల్సింది పోయి, ఇంటద్దె, కారు వాయిదా, పిల్లల ఫీజు అంటూ ప్లకార్డులు పట్టుకున్నారు.

ముందు చట్టం సంగతి చూద్దాం. దాని సొగసు పామరులకు అంత తేలిగ్గా అందదు. కాంగ్రెస్ నిధులు మంజూరు చేయనప్పుడు ఎవరైనా ఊరికే వచ్చి పనిచేస్తానన్నా ఒప్పుకోకూడదని 1884 నాటి నిబంధన. దాదాపు వందేళ్లు దాన్నెవరూ అంత నిష్ఠగా పట్టించుకోలేదు. 1980లో అటార్నీ జనరల్ సివిలెట్టి గారు అక్షరం అక్షరం చదివి, అయితే ఆఫీసులు మూసేయాల్సిందేనన్నారు. అప్పట్నుంచీ, ఫర్లోలో, అంటే జీతం లేని సెలవు మీద, ఇంటికి పంపిన ఉద్యోగి ఆఫీసు మెయిల్ తెరిచి పని చక్కబెట్టినా తప్పే. మరి విమానాలో, జైళ్లో? అవి అత్యవసరం కాబట్టి అక్కడివాళ్లు రావాల్సిందే, జీతం లేకుండా. అందరూ కలిసి రామంటే అది సమ్మె. ఫెడరల్ ఉద్యోగికి సమ్మె నేరం. 1981లో అధ్యక్షుడు రీగన్ సమ్మె చేసిన పదకొండు వేల మందికి పైగా ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లను ఒక్క దెబ్బతో ఉద్యోగాల్లోంచి పీకేశాడు. ఒకడు పనిచేస్తే తప్పు, పక్కవాడు మానేస్తే తప్పు, ఇద్దరి ఖాతాలోనూ పడేది సున్నా. అమెరికాకి సోషలిజం గిట్టదని ఎవరన్నారో గానీ!

మన దగ్గర ఇంత నాజూకుతనం లేదు. లోక్‌సభలో బడ్జెట్ ఓడిపోతే ప్రభుత్వం రాజీనామా చేసి పోవాలి. అక్కడ ప్రభుత్వం పదిలంగా ఉంటుంది, గుమాస్తా పడిపోతాడు.

అలాగని ఏలినవారికి జాలి లేదనుకోవద్దు. 2018 డిసెంబరులో మొదలైన 35 రోజుల షట్‌డౌన్ గుర్తుందిగా? అప్పుడు సిబ్బంది వ్యవహారాల శాఖ ఉద్యోగుల కోసం నమూనా ఉత్తరాలే రాసిపెట్టింది. ఇంటి యజమానికి ఇవ్వాల్సిన ఉత్తరం అందులో ఒకటి. అద్దె కాస్త తగ్గిస్తే మీ ఇంటికి రంగులు వేస్తాను, వడ్రంగం చేస్తాను అని అడిగి చూడమని దాని సారాంశం. కోస్ట్ గార్డ్ వారి సలహా పత్రం ఇంకా ముందుకెళ్లి, పాత సామాన్లు అమ్ముకోమంది, ఎవరి పిల్లల్నయినా చూసుకోమంది, కుక్కల్ని షికారు తిప్పమంది. సముద్రంలో ప్రాణాలు కాపాడే మనిషికి వీధిలో కుక్కని తిప్పడం ఎంత, చిటికెలో పని. వాణిజ్య మంత్రి విల్బర్ రాస్ అయితే, వీళ్లు ఉచిత తిండి పంచే చోట్లకి ఎందుకు పోతున్నారో తనకి అర్థం కావట్లేదన్నాడు. అప్పు తెచ్చుకోవచ్చుగా అని ఆయన సందేహం. కోట్లున్న మనిషికి ఆ మాత్రం సందేహం రావడం సహజమే.

మనవాళ్లకీ కొంత జ్ఞానోదయమైంది. 2025 అక్టోబరులో దాదాపు నెలంతా లేబర్ డిపార్ట్‌మెంట్‌లో ఎల్‌సీఏల పని ఆగిపోయింది. ఎల్‌సీఏ అంటే విదేశీ ఉద్యోగిని పెట్టుకునే కంపెనీ ముందుగా ఆ శాఖ ఆమోదం తీసుకోవాల్సిన కాగితం. అది లేకుండా హెచ్-1బీ వీసా దరఖాస్తు కదలదు. గవర్నమెంటు ఉద్యోగులంతా దండగ, సగం మందిని పీకేయాలి అని డాలస్‌లో శనివారం పార్టీల్లో బల్ల గుద్దే మనవాడికి, కంపెనీ మారదామనుకున్న ఆ నెలలోనే తెలిసింది, తన కాగితం చూడ్డానికి వాషింగ్టన్‌లో ఒక మనిషి ఉండాలని.

ఆ షట్‌డౌన్‌లో అక్టోబరు 28న కంట్రోలర్లకి మొదటిసారి పూర్తిగా ఖాళీ జీతం వచ్చింది. ఆ రోజు వాళ్లు ఎయిర్‌పోర్టుల బయట నిలబడి ప్రయాణికులకి కరపత్రాలు పంచారు. నవంబరు వచ్చేసరికి సిబ్బంది చాలక 40 పెద్ద ఎయిర్‌పోర్టుల్లో విమానాలు తగ్గించారు. దీనికి విరుగుడు ట్రంప్ గారే కనిపెట్టారు: ఒక్క రోజూ నాగా పెట్టనివారికి తలా పదివేల డాలర్ల బహుమతి! వేలాది కంట్రోలర్లు, టెక్నీషియన్లలో లెక్క తేలినవారు 776 మంది. జ్వరమొచ్చినవాళ్లకీ, పిల్లల్ని చూసుకోడానికి ఉండిపోయినవాళ్లకీ అది దక్కలేదు. క్రమశిక్షణ అంటే క్రమశిక్షణే, నేను ఒప్పుకుంటాను.

ఇంత మంచి పద్ధతిని అక్కడితో ఆపడమే నాకు నచ్చలేదు. ప్రతినిధుల సభకీ ఒక హాజరు పట్టీ పెట్టాల్సింది. సెప్టెంబరు 19న ఓటేసి వెళ్లిన సభ, మళ్లీ ఓటేసింది నవంబరు 12న. ఏడాదికి లక్షా 74 వేల డాలర్ల లెక్కన నెలకి 14,500, వాళ్ల జీతం మాత్రం ఆగలేదు.