అప్పుడు కాలం వేరట!

మా నల్గొండలో స్పెషల్ అంటే రెండే అర్థాలు. ఒకటి, గడియారం సెంటర్‌లో అదే చాయ్‌ని పెద్ద గ్లాసులో పోసి ఐదు రూపాయలు ఎక్కువ గుంజేది. రెండోది, చెర్వుగట్టు జాతరకు వేసే బస్సు. జాతర అయిపోగానే ఆ బస్సుకు బోర్డు పీకేస్తారు. ఏడేళ్ల తర్వాత ఎవడూ మళ్లీ దాన్నెక్కి, గడ్డం నిమురుకుంటూ, ఆ ప్రయాణం నేటికీ నిలబడుతుందా అని ఆలోచించడు.

స్టాండప్ కామెడీ వాళ్ల స్పెషల్‌కు మాత్రం ఆ యోగం పట్టింది. ఒక మనిషి, ఒక మైకు, ఒక స్టూలు, దాని మీద నీళ్ల సీసా. గంటసేపు వాగింది వీడియో తీసి వదిలితే స్పెషల్. ఏళ్లు గడిచాక దాన్నే మళ్లీ చూసి నిట్టూరిస్తే మేధావి. మొన్న నా మిత్రుడొకడు అట్లాంటి పాత స్పెషల్ లింకు పంపి, కింద ఒక ముక్క రాశాడు. "మళ్లీ చూడు. కొన్ని జోకులు ఇప్పుడైతే నడవవు గానీ, అప్పుడు కాలం వేరు."

కాలం వేరట! పానగల్లులో ఛాయా సోమేశ్వరుడి గుడి కట్టిన నాటి ముచ్చటైతే సరే, ఒప్పుకుంటాను. ఇది ఏడేళ్ల కిందటి మాట. అప్పుడు కొన్న ఫ్రిజ్ మా ఇంట్లో ఇంకా నడుస్తోంది. అప్పుడు తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు. మా గల్లీలో మోరీ మీది బండ అప్పుడే పగిలింది, ఇప్పటికీ మేం దాన్ని దాటుకుంటూనే పోతున్నాం. మా బండకు మారని కాలం ఆ కమెడియన్‌కు ఎట్లా మారింది?

అందుకని ప్రజాప్రయోజనాల దృష్ట్యా నన్ను నేనే ఏకసభ్య కమిషన్‌గా నియమించుకుని, నోటుబుక్కు, రిమోటు పట్టుకుని టీవీ ముందు కూర్చున్నాను. (ఆ షో హైదరాబాద్‌లో జరిగిన రోజు 499 రూపాయల టికెట్ కొని నేనూ వెళ్లాను. ఆ సంగతి ఇక్కడ అప్రస్తుతం.) పరిశీలకురాలిగా మా పెద్దమ్మ హాజరైంది. ఆమెది మర్రిగూడ దిక్కు. కంటి ఆపరేషన్ చేయించుకుని మా ఇంట్లో ఉంటోంది. కింద కూర్చుంటే లేవలేదు కాబట్టి ప్లాస్టిక్ కుర్చీ వేశాం.

మొదటి పావుగంట మామూలే. సాఫ్ట్‌వేర్ మేనేజర్, పెళ్లిచూపులు, ట్రాఫిక్. ట్రాఫిక్ జోకులు ఇప్పటికీ నిలబడ్డాయి, ఎందుకంటే ట్రాఫిక్ కూడా అక్కడే నిలబడి ఉంది.

పదిహేడో నిమిషంలో మహానుభావుడు చెయ్యి కళ్ల మీద అడ్డం పెట్టుకుని, "ఇక్కడ నల్గొండోళ్లు ఎవరన్నా ఉన్నారా?" అని అడిగాడు. హాలు నిండా జనం. ఒక్కడు చెయ్యెత్తలేదు. ఇంకేముంది, లైసెన్స్ దొరికింది. ముందు పళ్ల రంగు. తర్వాత నీళ్లు. ఆ తర్వాత మైకు స్టాండుకు తగిలించి, మోకాళ్లు వంచి, నడుం వంచి, స్టేజీ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. జనం చప్పట్లు. మళ్లీ నడిచాడు. నాలుగు నిమిషాలు!

"ఏం జేస్తుండు బిడ్డా ఈ పిలగాడు?" అంది పెద్దమ్మ.

"మన దిక్కు నడక నడుస్తుండు పెద్దమ్మా. ఫ్లోరైడ్ నడక."

"మల్లొక్కపారి ఎయ్యి."

వేశాను. ముందుకు వంగి చూసింది. నాట్లేసే కూలీల పని చూసే మేస్త్రి చూపు అది. "గదేంది, మోకాలు గంత అల్కగ వంగుతుంది? మాకు వంగదు గద. మెడ జూడు, గిర్రున తిప్పుతుండు. మెడ తిరిగితే మేం మనిషికి మనిషి మర్రి ఎందుకు జూస్తం?" ఇంకోసారి వేయించింది. "స్టూలు మీదికెల్లి లేసిండు జూసినవా? చెయ్యి ఆనలే. ఉత్తగనే లేసిండు. పిలగాడు నేర్సుకోలే."

ఏడేళ్లుగా ఆ స్పెషల్ మీద వచ్చిన సమీక్షలన్నీ ఒక కుప్ప పోయండి. ఈ ఒక్క మాటకు సరి రావు. కోపం లేదు, అవమానం లేదు. పనితనం బాగాలేదని చెప్పింది, అంతే. ఆమెకు ఒంటరి ఆటగాడు కొత్త కాదు మరి. చిన్నప్పుడు పిట్టలదొరను చూసిన మనిషి. ఖాకీ కోటు, టోపీ, కట్టె తుపాకి, లేని జాగీర్ల గొప్పలు. అవి గడీల రోజులు. కాలం వేరు అనే హక్కు ఎవరికన్నా ఉందంటే ఆయనకే ఉంది. అయినా ఆయన వేషం కట్టింది దొరకు. కీళ్లు పట్టిన ముసలమ్మకు కాదు.

నీళ్ల మీద జోకు వేశాడు కాబట్టి నీళ్ల లెక్కే చెబుతాను. లీటరు తాగునీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అది బాగా మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు రంగు మారతాయి, కీళ్లు బిగుసుకుపోతాయి. మా కింద ఉన్నది గ్రానైట్ రాయి, ఆ రాయిలోంచే అది నీళ్లలో దిగుతుంది. వాన లేక, కాలువ లేక బోరు లోతుకు వేసినకొద్దీ అదే నీళ్లు. అవే తాగాం, వాటితోనే అన్నం వండుకున్నాం. కృష్ణ దూరమా? నాగార్జునసాగర్ నీళ్లు 1967లోనే వదిలారు, అది ఉన్నది మా జిల్లాలోనే. 2004లో అక్కంపల్లి నుంచి కృష్ణ నీళ్లు ఎత్తి, కోదండాపూర్‌లో శుద్ధి చేసి, గొడకొండ్ల మీదుగా హైదరాబాద్‌కు పంపారు. గొడకొండ్ల నుంచి మర్రిగూడ ఎంత దూరమని? మా పెద్దమ్మ మోకాళ్లు బిగుసుకుపోతుంటే, మనిషి దూరేంత పైపులు మా చెలకల పక్కనుంచి పట్నం పోయాయి. నవ్వి నవ్వి పొలమారితే ఆ హాల్లో తాగిన నీళ్లు ఎక్కడివిరా నాయనా? నీళ్లు మీకు, ఫ్లోరైడ్ మాకు, మళ్లీ జోకు కూడా మీదేనా? చేతగానివాడివి, కనీసం నడక సరిగ్గా నడువు!

క్షమించాలి. కమిషన్ నిగ్రహం కోల్పోయింది.

నీళ్లు తాగి, మిగిలింది కూడా చూసి నివేదిక ముగిద్దామని ప్లే నొక్కాను. రెండో నడక అయిపోయి చప్పట్లు మోగుతున్నాయి. కెమెరా జనం మీదికి తిరిగింది. మూడో వరుసలో నీలం చొక్కావాడు ఒకడు పక్కవాడి భుజం మీద కొట్టి కొట్టి, కళ్ల నీళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు.

పెద్దమ్మ కుర్చీలోంచి మనిషికి మనిషి నా వైపు మర్రింది. ఆపరేషన్ బాగానే కుదిరినట్టుంది.

"అగో, గా నీలం అంగి... నువ్వే గద బిడ్డా?"

రిమోటు కోసం వెతికాను. చేతిలోనే ఉంది.

"అప్పుడు కాలం వేరు పెద్దమ్మా," అన్నాను.